గుండ్లగడ్డ కావలి

పారను నీళ్ళలోకి దించి, కాలితో అదిమి, తడి ఇసుకను ఎత్తి అవతలికి విసిరాడు దాసన్న. ఎత్తిన చోట బుడగలు లేచి నీళ్ళు నిండాయి. మళ్ళీ దించాడు. పొద్దు ఇంకా గట్టు మీది తుమ్మచెట్ల వెనకనే ఉంది. తొడల దాకా నీళ్ళలో నిలబడి, పంచె ఎగదోపుకొని, నిన్న సాయంత్రం తోడిన చోటనే మళ్ళీ తోడుతున్నాడు. రాత్రంతా తుంగభద్ర ఇసుకను తెచ్చి ఈ పాయలో పోస్తుంది. తెల్లవారి దాసన్న దాన్ని తీసి పక్కన పోస్తాడు. వారంగా ఏటికీ అతనికీ ఇదే పని.

శివరాత్రి దాటితే ఏరు చిక్కిపోతుంది. అవతలి కర్ణాటక గట్టు పక్కన పెద్ద పాయ పారుతుంది. ఇటు, కోసిగి వైపు, సన్నపాటి పాయ ఒకటి మిగులుతుంది. ఈ రెంటి నడుమ ఉన్నది గుండ్లగడ్డ. రెండెకరాలు ఉంటే ఎక్కువ. పై సగంలో చెట్లు, కింది సగంలో ఒట్టి గుండ్రాళ్ళు. ఇటు పాయ పూడిందంటే అది గడ్డ కాదు, గట్టుకు అతుక్కున్న మిట్ట. పోయిన ఏడాది ఒక్క రాత్రి అట్లాగే పూడింది. పారే నీళ్ళలో దిగడానికి జంకే ఊరకుక్కలు ఇసుక మీద నడిచి వచ్చాయి. పొద్దున దాసన్న వచ్చి చూస్తే పన్నెండు పిట్టగూళ్ళలో అయిదింట పెంకులే మిగిలాయి. ఆ రోజు అతను అన్నం తినలేదు. అప్పటినుంచి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఈ ఇసుక తోడడం ఎవరూ చెప్పకుండానే నెత్తిన వేసుకున్నాడు.

ఒడ్డుకు వచ్చి పార కడిగి, నడుము పట్టుకొని కొంతసేపు వంగి నిలబడ్డాడు. యాభైనాలుగేళ్ళ మనిషి. ఎండకు కమిలిన మెడ, గుంటలు పడిన భుజాలు. కుడిచేతి ఉంగరపు వేలు మడత పడదు. సర్కారు తుమ్మ ముల్లు అందులో విరిగి, చీము పట్టి, మానేటప్పుడు వేలును కర్రలాగా చేసి పోయింది. వంగితే దగ్గు వస్తుంది. అది మిరప ఘాటు. పదిహేనేళ్ళు ప్రతి సుగ్గికీ, వలస కూలిగా, గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి పోయి తెచ్చుకున్నది. అంతకుముందు బండలు మోశాడు. అంతకుముందు బెంగళూరులో మేడలు కట్టే చోట ఇసుక జల్లెడ పట్టాడు. తాను చెయ్యి వేసిన మేడల్లో ఒక్కదాన్ని కూడా రెండోసారి చూడలేదు. కోసిన చేలు మరుసటి ఏటికి ఎవరివో, ఎక్కడివో.

నాలుగేళ్ళ కిందట అడవిశాఖ వాళ్ళు జీపులో దాసన్న ఊరు చింతలదొడ్డికి వచ్చారు. ఏటి నడుమ గడ్డ మీద సర్కారు తుమ్మ అల్లుకుపోయి పిట్టలకూ పురుగులకూ చోటు లేకుండా పోయింది, దాన్ని పెరికించాలి, తరవాత ఒక మనిషి కావలి ఉండాలి, సుగ్గికి పోని మనిషి కావాలి అన్నారు. దీపావళి దాటితే ఇళ్ళకు తాళాలు వేసి ఊరుకు ఊరే లేచిపోయే చోట, అట్లాంటి మనిషి ఎవరున్నారని అందరూ మొహాలు చూసుకున్నారు. దాసన్న దగ్గాడు. అందరూ అతని వైపు చూశారు. అట్లా కుదిరింది ఈ పని.

సర్కారు తుమ్మను నరికితే చావదు. నరికిన చోట నాలుగు కొమ్మలు లేస్తాయి. వేరు కిందికంటా తవ్వి పెకలించాలి. ఒక్కొక్క మోడుకు ఒక పూట పట్టింది. కూలి జనం వచ్చి పై సగం చేసి పోయారు. మిగిలింది దాసన్న ఒక్కడే ఏడాదిన్నర తవ్వాడు. పై సగంలో కానుగ, తెల్లమద్ది, నేరేడు మొక్కలు నాటారు. కింది సగాన్ని అట్లాగే వదిలేయమని చెప్పాడు బీటు ఆఫీసరు యేసుప్రసాద్.

దాసన్నకు మనసు ఒప్పలేదు. సేద్యం చేసిన వంశంలో పుట్టినవాడికి ఖాళీ నేల కనబడితే చేతులు ఊరకుండవు. మిగిలిపోయిన నలభై కానుగ మొక్కలను ఆ గుండ్రాళ్ళలో తాడు పట్టి వరసలు తీసి నాటాడు. నీళ్ళు పోశాడు. చూసి మెచ్చుకుంటారనుకున్నాడు. ఆ మార్చిలో తెల్లటి ఏటిపిట్టలు గుంపుగా వచ్చి, రెండు రోజులు ఆ మొక్కల పైన తిరిగి తిరిగి, దిగకుండా వెళ్ళిపోయాయి. యేసుప్రసాద్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు.

"దాసన్నా, వాటికి కావలసింది బోడి నేలప్పా," అన్నాడు చివరికి. "గుడ్లు పెట్టేది ఆ రాళ్ళలోనే. చుట్టూ ఏం వస్తాండాదో కనపడాల వాటికి."

అతను తిట్టి ఉంటే బాగుండేది. జీపు పోయిన తరవాత దాసన్న తాను నాటిన మొక్కలను తానే ఒకటొకటిగా పీకి పైకి మోశాడు. మరుసటి ఏడు పన్నెండు గూళ్ళు. ఈ ఏడు ముప్పై ఒకటి. తన చేతి మీదుగా పోయిన ఏ పనిలోనూ అతనికి ఇట్లా రెండో ఏడు వచ్చి కనబడింది ఏదీ లేదు.

ముప్పై ఒకటినీ రోజూ చూసి రావాలి. గూడంటే పుల్లలూ లేవు, గడ్డీ లేదు. పొట్టతో రాళ్ళను పక్కకు నెట్టి చేసుకున్న దోసెడు గుంట. అందులో రెండో మూడో గుడ్లు, మచ్చలతో, అచ్చం రాళ్ళలాగే. చూసి చూసి కళ్ళు అలవాటు పడ్డా అడుగు వేయాలంటే భయమే. అందుకని దాసన్న అక్కడ కాలు ఎత్తి వేయడు. మడమలు నేలకు ఆనించి, చీకట్లో ఉయ్యాల దగ్గర నడిచే తల్లిలాగా, పాదాలను జరుపుకుంటూ పోతాడు. నెత్తిన నల్లటోపీ పెట్టినట్టుండే పిట్టలు పసుపుపచ్చ ముక్కులు తెరిచి అతని తల మీదికి దూకి అరుస్తాయి. అతను తువ్వాలు నెత్తిన వేసుకొని, "నేనేలే, నేనేలే" అని గొణుక్కుంటూ పోతాడు. అవి అతన్ని ఎన్నడూ నమ్మలేదు. అతను కూడా నమ్మాలని అడగలేదు.

ఆ రోజు చివరి వరసలో ఉండగా ఫోను మోగింది. పైనున్న పెద్ద బండ మీదికెక్కితేనే మాట వినబడుతుంది. ఎక్కి కూర్చుని, మూటలోని జొన్నరొట్టె విప్పుకొని, మాట్లాడాడు. భార్య నాగమ్మ. కూతురు శిల్పతో కలిసి మిరప చేలో ఉంది.

"ఏమప్పా, తింటివా?"

"తింటాండా."

"ఏం తింటాండావు?"

"రొట్టె, ఊరిమిండి పచ్చడి."

"దినామూ అదేనా. ఇంత పప్పు ఎనుపుకొనే దానికి చేతులు పడిపోయినాయా?"

"పాపకెట్లుండాది?"

"జొరం తగ్గింది. రాత్రంతా ఏడ్సె. శిల్ప కండ్లు మూయలేదు. తెల్లారి మల్లా కాయలకు వచ్చింది."

"నీళ్ళు తాపుతాండండి. ఎండలో పండేయాకండి."

"నువ్వు మాకు చెప్తాండావా. చెట్టుకు చీర కట్టి ఊపుతాండాం నీ మనవరాలిని. నువ్వు పిట్టలకు గొడుగు పట్టుకో పో."

దాసన్నకు నవ్వు వచ్చింది. నవ్వుతో పాటు దగ్గు వచ్చింది. అది తెరిపినపడే దాకా నాగమ్మ ఫోను పట్టుకొనే ఉంది. ఎవరో చేలో కేకలు వేసుకుంటున్నారు.

"కషాయం తాగుతాండావా?"

"తాగుతాండా," అని అబద్ధం చెప్పాడు.

"ఊళ్ళో ఎవరుండారు?"

"నేనుండా. ముసిలోళ్ళు నలుగురుండారు. అమ్మపోతు ఉండాది."

"మన వాకిట్లోనేనా ఇంగా?"

"ఊ."

"దాన్ని నువ్వే మరిగించినావు. దేవరైన పొద్దు ఏడుస్తావు సూడు," అని ఫోను పెట్టేసింది.

అమ్మపోతు అంటే ఊరిదేవత సుంకులమ్మ పేరు మీద విడిచిన దున్నపోతు. ఆ తల్లి జాతరే దేవర, అయిదేళ్ళకొకసారి వస్తుంది. దున్న దూడగా ఉన్నప్పుడే దానికి పసుపు పూసి వదిలేస్తారు. దాన్ని కట్టేయకూడదు, కొట్టకూడదు. ఎవరి చేలో పడినా ఆ చేనుగలవాళ్ళు దండం పెట్టి ఊరుకోవాలి. ఈ ఉగాది దాటాక దేవర. ఆ పొద్దు బలితో దానికి ఊళ్ళో తిరుగుడు తీరుతుంది.

నాలుగేళ్ళు అది ఇంటింటి వాకిట నిలబడి తిన్నది. ఒక ఇంట తవుడు, ఒక ఇంట కుడితి, ఒక ఇంట జొన్నసొప్ప. ఊరు సుగ్గికి పోయిన వారం, తాళం వేసిన ప్రతి తలుపు ముందూ అది నిలబడింది. నిలబడి, తల ఊపి, పక్క వాకిటికి పోయింది. అట్లా ఊరంతా తిరిగి, పొద్దు వాలే వేళకు దాసన్న వాకిటికి వచ్చింది. అతను రెండు కట్టలు సొప్ప వేశాడు. మరునాడు వేశాడు. అటుపైన అది అతని తిన్నె పక్కనే పడుకుంది. అతనికి నిద్ర పట్టనప్పుడు దాని ఊపిరి వినబడేది. బెంగళూరు సంగతులు, చిన్నప్పుడు చచ్చిపోయిన కొడుకు సంగతి, ఎవరికీ చెప్పనివన్నీ దానికి చెప్పాడు. పగలు అది ఏటి గట్టు దాకా వచ్చి నిలబడేది. మొన్నటిదాకా ఈ పాయలో నిలువులోతు నీళ్ళుండేవి. చేపలు పట్టే హనుమేష్ పుట్టి ఎక్కి అతను గడ్డకు వచ్చేవాడు. వారంగా నడిచి దాటుతున్నాడు.

రొట్టె ముక్క ఇంకా నోట్లోనే ఉంది. కింద పిట్టలు ఒక్కసారిగా లేచాయి. అతన్ని చూసి అరిచే అరుపు కాదు అది.

దున్న పాయ దాటి వచ్చింది. నీళ్ళు కారుతున్న నల్లటి పొట్టతో గుండ్రాళ్ళ మధ్యన నింపాదిగా నడుస్తోంది. దాసన్న బండ మీద నుంచి జారి దిగి పరుగెత్తాడు. గుండ్రాళ్ళ అంచుకు వచ్చేసరికి కాళ్ళు వాటంతట అవే పరుగు మాని జరగడం మొదలుపెట్టాయి. దున్న అతన్ని చూసి, చెవులాడించి, తిన్నగా అతని వైపే వచ్చింది. వచ్చే దారిలో మూడు గూళ్ళున్నాయి.

వంగి చూశాడు. గిట్ట దిగిన గుంటలో పచ్చసొన, పెంకు, ఇంకా ఈకలు రాని పిల్ల కాలు ఒకటి. రేపో ఎల్లుండో గుడ్డు పగులగొట్టుకొని రావలసింది.

"ఏంది సామీ ఇది," అన్నాడు.

దున్న తడి మూతిని అతని భుజానికి ఆనించింది.

కొట్టడానికి చెయ్యి రాదు. రాళ్ళు చుట్టూ ఉన్నాయి, ఒక్కటి కూడా చేతికి రాదు. తువ్వాలు ఊపి "పోప్పా, పో సామీ" అన్నాడు. అది కదలలేదు. సరేనని తానే పైనున్న చెట్ల వైపు నడిచాడు. అది వెంట వచ్చింది. వచ్చి, మోకాలెత్తు పెరిగిన కానుగ మొక్క మీద మేను వాల్చి కళ్ళు మూసింది. కానుగ పోతే పోయింది, పడుకుంది కదా అనుకొని దాసన్న సద్దు లేకుండా కిందికి వచ్చాడు. పది అడుగులు వేశాడో లేదో వెనక మొక్కలు విరిగిన చప్పుడు. మళ్ళీ పైకి పోయాడు. అదీ పోయింది. చెట్టు చాటున నక్కి చూశాడు. అది గుండ్రాళ్ళ వైపు వెతుక్కుంటూ పోయింది. నాలుగోసారి అతనికి తెలిసింది. దానికి గడ్డీ అక్కర్లేదు, నీడా అక్కర్లేదు. ఊళ్ళో దానికి తెరుచుకున్న తలుపు అతనొక్కడే; ఆ తలుపు ఎక్కడికి పోతే అక్కడికి వస్తుంది.

పిట్టలు దిగడం లేదు. అంతసేపటినుంచీ పైనే తిరుగుతున్నాయి. దాసన్న ఒక గూటి పక్కన కూర్చుని, జ్వరం వచ్చిన బిడ్డ నొసటిని చూసినట్టు, ఒక గుడ్డు మీద వేలు ఆనించాడు. వెచ్చగా కాదు, వేడిగా ఉంది. ఈ ఎండలకు పిట్ట ఏట్లో పొట్ట తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. పిట్ట దిగకపోతే, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గుడ్డు లోపలిది లోపలే ఉడికిపోతుంది. ఇరవై ఎనిమిది గూళ్ళు మిగిలాయి. పొద్దు ఇంకా రెండు బారలు ఎక్కితే చాలు.

"ఏం మామా, సుట్టం ఇంటికొచ్చినట్టుండాడే," అన్న మాట నీళ్ళ మీద నుంచి వచ్చింది. హనుమేష్. వెదురుబద్దల పుట్టిని గుండ్రంగా తిప్పుకుంటూ, వలలు పరచడానికి పోతూ ఆగాడు. ముప్పై దాటని మనిషి, వరసకే అల్లుడు, ఏట్లో చేపలే బతుకు.

"అల్లుడా, దీన్ని అవతలికి తోలు."

"నేనా? అమ్మపోతునా? నాకు పెండ్లాం బిడ్డలుండారు మామా. నువ్వే తోలు."

"నేనుంటే అది పోదు."

"అయితే నువ్వు పో," అని నవ్వాడు హనుమేష్.

నవ్వులాటకన్న మాటే. దాసన్న మాత్రం దాన్ని విని నిలబడిపోయాడు. తరవాత బండ ఎక్కి యేసుప్రసాద్‌కు ఫోను చేశాడు. దున్న బండ కింద నిలబడి పైకి చూస్తోంది.

"నలుగురిని పంపిస్తా దాసన్నా, తోలేస్తారు," అన్నాడు యేసుప్రసాద్ అంతా విని.

"ఎవరూ చెయ్యి వెయ్యరు సారూ. ఏసినా రేపు మల్లొస్తాది. నేను ఈడ ఉండే దాకా వస్తానే ఉంటాది."

"అయితే ఏం చేద్దామంటావు?"

"నేను రాను ఇంగ."

"పిల్లలు ఎగిరేదానికి ఇంకా నెలన్నర ఉంది. అన్ని దినాలు రాకుంటే నీ పేరు తీసి ఇంకొకరి పేరు రాయాలప్పా. మల్లా నీ పేరు ఎక్కిస్తానని నేను మాటియ్యలేను. అది నా చేతిలో లేదు."

"హనుమేష్ పేరు రాసుకోండి."

"గుడ్లు ఏరుకుంటా మనకు దొరికినోడు వాడే కదప్పా?"

"వాడే సారూ. గుడ్లు యాడుంటాయో వానికి చెప్పే పన్లేదు. కుక్క యాపక్క దిగుతాదో కూడా తెలుసు."

యేసుప్రసాద్ నిట్టూర్చినట్టు వినబడింది. "నువ్వు బాగా ఆలోచించుకున్నావా?"

"ఎండ ఎక్కుతాండాది సారూ," అన్నాడు దాసన్న.

కిందికి వచ్చి హనుమేష్‌ను ఒడ్డుకు పిలిచాడు. పని ఒప్పజెప్పడానికి ఎక్కువ మాటలు పట్టలేదు. పొద్దున ఒకతూరి, సాయంత్రం ఒకతూరి పాయ తోడాలి. మొక్కలకు రోజు విడిచి రోజు నీళ్ళు. గుండ్రాళ్ళలో కాలు ఎత్తి వేయకూడదు. హనుమేష్ పాదాలు జరుపుతూ నాలుగడుగులు నడిచి చూపించాడు.

"ఇట్లేనా? ముసిలోని మాదిరి?"

"అట్లే."

"నామీద ఎట్ల నమ్మకం కుదిరె మామా నీకు?"

"కుదరలేదు. ఇంగెవరుండారు ఈడ?"

హనుమేష్ నవ్వబోయి మానుకున్నాడు. తల గోక్కున్నాడు. "తిననులే మామా. ఆయమ్మ సాక్షి."

"ఆయమ్మ పోతు నీ ముందరే నిలబడుండాది. చూసి మాట్లాడు."

"చూసే మాట్లాడినా," అన్నాడు హనుమేష్, ఈసారి మెల్లగా. "నువ్వేం జేస్తావు ఊళ్ళో? ఇంత పొద్దూ?"

దాసన్న నెత్తి మీది తువ్వాలు విప్పి మొహం తుడుచుకొని, మళ్ళీ చుట్టుకున్నాడు. గుండ్రాళ్ళ వైపు ఒకసారి చూశాడు. గూళ్ళు కనబడలేదు. రాళ్ళే కనబడ్డాయి. అట్లా కనబడకుండా ఉండటమే వాటికి మంచిది.

"దా," అన్నాడు దున్నతో. వాకిట్లో సొప్ప వేసేటప్పుడు పిలిచినట్టే పిలిచి, గూళ్ళు లేని పై దారి పట్టుకొని పాయ వైపు నడిచాడు. వెనక గిట్టల చప్పుడు మొదలైంది. ఆగింది. అతను ఆగలేదు. మళ్ళీ మొదలైంది.

గడ్డ అంచున బురద. కుడికాలు పిక్క దాకా దిగింది. ఎత్తబోతే చెప్పు పట్టేసింది. లాగాడు. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. దున్న మూతి అతని వీపుకు జానెడు దూరంలో ఉంది. ఇప్పుడు వంగి వెనక్కి తిరిగితే అదీ తిరుగుతుంది. దాన్ని మళ్ళీ నీళ్ళ దాకా తేవాలంటే ఎంతసేపు పడుతుందో. దాసన్న ఇంకో అడుగు ముందుకే వేశాడు. నీళ్ళు మోకాళ్ళకు, తొడలకు వచ్చాయి. పొద్దున తాను తోడిన చోట కొంచెం లోతుగా తగిలింది. వెనక నీళ్ళు పెద్దగా చీలిన చప్పుడు విని, అతను పట్టుకున్న ఊపిరి వదిలాడు.

ఊరి వైపు గట్టెక్కి నడుస్తూనే ఉన్నాడు. ఇసుక కాలుతోంది. ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఒట్టిది. కుంటుతున్నట్టు నడక. పక్కన దున్న, అతని అడుగుకు అడుగు వేస్తూ, తోకతో ఈగలను తోలుకుంటోంది. వెనక పిట్టల అరుపులు ఎన్ని వేలున్నాయో అన్నట్టు వినబడుతున్నాయి. తుమ్మచెట్ల దగ్గరికి వచ్చేసరికి కొన్ని తగ్గాయి. ఇంకొంచెం నడిచాక ఇంకా తగ్గాయి. అతను మెడ తిప్పలేదు. చెవులు మాత్రం వెనకనే పెట్టుకొని నడిచాడు.

"దిగినాయి మామా," అని హనుమేష్ కేక ఏటి మీదుగా వచ్చింది. "అన్నీ దిగినాయి."

దాసన్న చెయ్యి పైకెత్తాడు. విన్నాననో, ఇక చాలుననో. తరవాత చింతలదొడ్డి దారిలో, ఇద్దరి నీడలూ కాళ్ళ కిందికి కుంచించుకుపోయిన ఎండలో, మనిషీ దున్నా మలుపు తిరిగారు.

గడ్డ అంచున, బురదలో సగం మునిగి, టైరు తెగ్గోసి కుట్టిన చెప్పు ఒకటి ఊరి వైపు తిరిగి ఉంది. మడమ ఆనీ ఆనీ పడిన గుంటలోకి నీళ్ళు మెల్లగా ఊరుతున్నాయి.